అక్క అడిగిన మాట

బావా,

నువ్వు పోయి నేటికి నెల. ఇది నీకు చేరదని తెలిసే రాస్తున్నాను. ఎదురుగా ఉన్నప్పుడు నేనెప్పుడు నోరు విప్పాను గనక.

నౌపడ ఉప్పు మడుల్లో ప్రభువు మాట మొదట నాకు చెప్పింది నువ్వు. బాప్తిస్మానికి చెయ్యి పట్టుకుని ఉప్పుటేటిలోకి దింపిందీ నువ్వే. మన కులపోళ్లు చాకలినీ మంగలినీ ఆపించేసరికి పెద్దల ముందు చెంపలు వేసుకున్నావు. "మా బావమరిదే నన్ను ఏసు మతంలోకి లాగీసినాడు" అన్నావు. నేను అక్కడే నిలబడి ఉన్నాను, బావా. నిన్ను మళ్లీ బంతిలో కూర్చోబెట్టుకున్నారు. నన్ను వెలేశారు. నీ మాట నమ్మి మా అక్క ఇరవై ఏళ్లు నా గడప తొక్కలేదు.

నిన్న వచ్చింది. అరుగు మీద కూర్చుంది.

"ఒరే, మీ బావ సచ్చీముందు ఏసూ, ఏసూ అన్నాడు. ఆయన సంగతేటో నాకూ సెప్పు" అంది.

నేను లేచి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చాను.

"మాటాడవేట్రా? అసలు నీకీ పిచ్చి ఎక్కించినోడు ఎవుల్రా?"

పోయినవాడి మీద చెప్పడం ఎందుకని దాచబోయాను. కానీ అబద్ధంతో మొదలుపెట్టి ప్రభువు సంగతి ఎలా చెప్పను?

"మా బావేనే" అన్నాను.

అక్క కొంగుతో ముఖం తుడుచుకుంది.

"అయితే మా ఇంటి మాటేనన్నమాట. సెప్పు, ఇంటాను."

నాకు వేరే మాటలు రావు. ఆనాడు నువ్వు చెప్పినట్టే చెప్పాను. చెబుతున్నంతసేపూ నీ మీద కోపం తగ్గలేదు. అయినా ఆపలేదు.