నాలుగు వేళ్ల చెయ్యి

ఒరేయ్ మస్తాన్,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మనిద్దరం బాగుచేసిన జీపు కొంటానని సత్తెనపల్లి నుంచి ఒకాయన వచ్చాడు. మిరప చేలు దాటి రాళ్లగుట్ట ఎక్కించి చూపించమన్నాడు. సరేనన్నాను. అదే నా తప్పు.

ఆ గుట్ట మీద నేనెప్పుడూ దారి చూసి నడపలేదురా. బండి ముందు నువ్వు వెనక్కి నడుస్తూ చెయ్యి ఊపేవాడివి. ఫ్యాను బెల్టులో ఒక వేలు పోయిన ఆ చేతినే చూసేవాణ్ణి.

సగం ఎక్కాక ముందు చక్రం గాల్లోకి లేచింది. నాలుగు చక్రాల గేరు వేసినా బండి వెనక్కి జారింది. వెనక లోతైన వాగు. బ్రేకు గట్టిగా తొక్కిపట్టాను. ఆయన దూకేశాడు. పారిపోతున్నాడనుకున్నాను. బండి ముందుకొచ్చి చెయ్యెత్తాడు.

"రాళ్లు చూడొద్దండి, నన్ను చూడండి. కుడికి, మెల్లగా."

ఆ చేతికి ఐదు వేళ్లున్నాయి. ఇంకా భయమేసింది. అయినా బ్రేకు వదిలాను.

పైకెక్కాక తాళం ఆయనకిచ్చాను. "దిగేటప్పుడు మీరు నడపండి, నేను దారి చూపిస్తాను" అన్నాను.

బండి ముందు నిలబడి చెయ్యెత్తాను. కాసేపటికి చూసుకుంటే, ఒక వేలు మడిచి ఉంది.