వద్దంటే లేస్తాను

మార్చి 3, మంగళవారం

పాపకు ఎనిమిదేళ్లు. తల్లి చేతిని తండ్రి విరగ్గొట్టినప్పుడు చూసింది తనొక్కతే. ఆ కేసులో పాప తరఫు లాయర్‌గా కోర్టు నన్ను నియమించింది. తల్లీ కూతురూ ఇప్పుడు అమ్మమ్మ ఇంట్లో ఉంటున్నారు. నేను వెళ్లేసరికి పాప మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. నేనూ కూర్చున్నాను. కేసు ఊసెత్తలేదు. ఈ నల్లకోటులో ఉక్కపోయదా లాయరాంటీ అని అడిగింది. పోస్తుందన్నాను. గంటలో అదొక్కటే మాట.

మార్చి 5

మా సీనియర్ లాయర్ చేత చీవాట్లు. పదో తేదీన సాక్ష్యం పెట్టుకుని పిల్లతో కబుర్లేమిటమ్మా, జరిగిందంతా పదిసార్లు చెప్పించు, తడబడకుండా ఉంటుంది అన్నారు. చెప్పించనన్నాను. చెప్పిన ప్రతిసారీ ఆ పిల్ల మళ్లీ అది జరిగిన గదిలోకి వెళ్లొస్తుంది. పైగా నేర్పించిన మాటలంటూ అవతలి లాయర్ ఎగిరి గంతేస్తాడు. ఇంత తెలిసీ అనుమానం పోవడం లేదు. నా పట్టుదలతో కేసు నీళ్లపాలు చేస్తున్నానా?

మార్చి 9, సాయంత్రం 5

ఖాళీ కోర్టు హాలు పాపకు చూపించాను. ఏ కుర్చీలో ఎవరుంటారో చెప్పాను. నాన్న కనపడతాడా అని అడిగింది. తెర కడతారు, కనపడడు, గొంతు మాత్రం వినపడొచ్చు అన్నాను. అబద్ధం చెప్పలేకపోయాను. మరి నాకు భయమేస్తే అంది. వద్దని చెప్పు, జడ్జిగారు ఒప్పుకుంటారో లేదో తెలీదు, నేను మాత్రం లేచి ఆపమని అడుగుతాను అన్నాను. ఎన్నిసార్లయినా? ఎన్నిసార్లయినా.

మార్చి 10, ఉదయం 11

మొదటి ప్రశ్నకే వద్దంది.

మధ్యాహ్నం 2

పొద్దున మొదటి ప్రశ్న అడగగానే తెర వెనక తండ్రి గొంతు సవరించుకున్నాడు, అంతే. పాప వద్దంది. నేను లేచి ఆపమన్నాను. పిల్ల దగ్గర చెప్పడానికేమీ లేదండీ అని అవతలి లాయర్ నవ్వాడు. జడ్జిగారు చాలాసేపు ఏదో రాసుకున్నారు. ఇరవై నాలుగున మరో అవకాశం, అదే ఆఖరు, ఆ రోజు తండ్రిని వేరే గదిలో కూర్చోబెట్టి, సాక్ష్యాన్ని అతనికి అక్కడ వీడియోలో చూపిస్తాం అన్నారు. సీనియర్ ఫైలు నా చేతిలో పెట్టి ముందే వెళ్లిపోయారు. మెట్ల దగ్గర పాప తల్లి ఆపింది. ఆ అవకాశం కూడా పోతే ఆయన్ని వదిలేస్తారు కదండీ అంది.

మార్చి 17

పాప దగ్గరికి వెళ్లాను. కోపమొచ్చిందా అని అడిగింది. రాలేదన్నాను. నమ్మినట్టు లేదు. గుమ్మం దాకా సాగనంపుతూ అమ్మమ్మ చెప్పింది, 'వద్దనగానే లాయరాంటీ నిజంగానే లేచింది అమ్మమ్మా' అని పాప రెండ్రోజులు అదే మాట అందట.

మార్చి 24

నలభై నిమిషాలు. మధ్యలో రెండుసార్లు వద్దంది, రెండుసార్లూ ఆగాం. రెండోసారి నీళ్లు తాగి, ఇప్పుడడగండి అని తనే అంది. అంతా చెప్పింది.

బయటికొచ్చాక నేను ఉక్కకు నల్లకోటు విప్పబోతుంటే, ఫైలు నేను మోస్తాలే లాయరాంటీ అంది. ఇచ్చాను.