కోటి కాయిన్లే

జూన్ 2
పెద్ద గుంటలో పట్టిన రొయ్యల డబ్బంతా రమణ మామ చెప్పిన క్రిప్టో కాయిన్‌లో పెడతాడట నాన్న. అంతా! మళ్ళీ గుంటలో సీడ్, అదే రొయ్యపిల్లలు, పొయ్యడానికి ఏం మిగలదు. అడిగితే — "నీ ఉద్యోగం నువ్వు చూసుకో." నా ఉద్యోగం ప్రోగ్రామింగే కదా నాన్నా... అనలేదు. అనాల్సింది.

మామది ఒకటే పాట. "మొత్తం కోటి కాయిన్లే. ఇంకొక్కటి కూడా పుట్టదు. అందుకే రేటు పెరగతాది." కంపెనీవాళ్ళు ఆయనకి చెప్పారు. ఆయన అమ్మకి తమ్ముడు. కాబట్టి మేం నమ్మాలి.

జూన్ 3
అడిగేశాను. మామని కాదు, కాయిన్ల లెక్కంతా అందరికీ కనపడేలా రాసుండే బ్లాక్‌చెయిన్‌నే. కాయిన్ చిరునామా ఇచ్చి రెండు లైన్ల కోడ్‌తో ఏపీఐని అడిగితే చాలు, మొత్తం ఎన్ని కాయిన్లు పుట్టాయో చెప్పేస్తుంది. అది ఎవరికీ బావమరిది కాదు.

వచ్చిన జవాబు: ఒకటి, దాని వెనక ఇరవై అయిదు సున్నాలు.

కోటేనా ఇది? దొంగలు! రేపు రొయ్యల షెడ్డులో రైతులందరి ముందూ చదువుతా.

జూన్ 4
పరువు పోయింది.

ప్యాకింగ్ షెడ్డులో ఇరవై మంది రైతులు. చదివాను. మామకి కోపం కూడా రాలేదు. కంపెనీ మనిషికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. "చివరి పద్దెనిమిది అంకెలూ దశాంశాలండీ. రూపాయల్ని పైసల్లో చెప్పినట్టు." నిజమే. అవి తీసేస్తే సరిగ్గా కోటి. నాకు తెలిసిన సంగతే... కోపంలో గుర్తు రాలేదు.

"ఏందమ్మే, ఇంజినీరువి, సున్నాలు కూడా లెక్కపెట్టలేవా?" — మామ. షెడ్డంతా నవ్వు. నాన్న నవ్వలేదు. దానికే ఏడుపొచ్చింది.

జూన్ 5
"మామకి సారీ చెప్పు" — అమ్మ, పొద్దుటి నుంచి నాలుగోసారి. సున్నాలకి చెప్తా. అడిగినందుకు చెప్పను.

జూన్ 6
మళ్ళీ బ్లాక్‌చెయిన్‌ని అడిగాను. ఎందుకో తెలీదు, మొండితనం. ఈసారి పద్దెనిమిది స్థానాలు తీసేశాను. రెండుసార్లు చూసుకున్నాను.

కోటీ నాలుగు లక్షలు.

పుట్టవన్నవి పుట్టాయి. ఎవరో కూర్చుని కొత్తవి పుట్టిస్తూనే ఉన్నారు. మొన్న నాది తప్పు. ఇవాళ కాదు.

జూన్ 7
కోటీ తొమ్మిది లక్షలు.

చిన్న గుంట గట్టు మీద నాన్న మేత చల్లుతున్నాడు. ఫోన్‌లో అంకె మొత్తం చూపించాను. "మళ్ళా సున్నాలా తల్లీ?" ఒళ్ళు మండి అడిగేశాను. హేచరీవాడు సంచికి ఇంత సీడ్ అని చీటీ రాసిస్తే ఎప్పుడైనా నమ్మావా? ఒక సంచి విప్పి, బేసిన్‌లో పోసి, చెంచాతో ఒక్కొక్క పిల్లా లెక్కపెట్టి గానీ గుంటలో వదలవే! దీన్నెందుకు లెక్కపెట్టవు? మామ చెప్పాడనా?

చల్లే చెయ్యి ఆగింది. "సీడ్ తక్కువైతే నష్టం. ఇది ఎక్కువైతే మనకేంది?"

"అందరి దగ్గరా కుప్పలుంటే నీ దాన్ని ఎవరు కొంటారు నాన్నా?"

నాన్న ఫోన్ లాక్కుని, కుడివైపు నుంచి వేలు పెట్టి, పెదాలు కదుపుతూ పద్దెనిమిది అంకెలు... తప్పిపోయి, మళ్ళీ మొదటి నుంచి. ఫోన్ తిరిగిచ్చేసి మేత చల్లుకుంటూ పోయాడు. అంతే!

జూన్ 8, ఆదివారం
కోటీ పదిహేను లక్షలు.

పదింటికి షెడ్డులో మీటింగ్. నాన్న సరే అంటే ఊరంతా సరే అంటుందని మామ ధీమా. నిజం కూడా. అమ్మ ఇడ్లీ పెట్టింది, నా మొహం చూడకుండా.

నాన్న తెల్ల చొక్కా వేసుకున్నాడు. చెక్కుబుక్కు తీసి జేబులో పెట్టుకున్నాడు... అంటే ఏమనుకోవాలి? చెప్పులేసుకున్నాను.

"నువ్వెక్కడికి?"

"షెడ్డుకి."

బండి తాళం చేతిలోకి తీసుకున్నాడు. "వస్తే రా, ఆ ఫోన్ తెచ్చుకో. నేను చెప్పిందాకా నోరు తెరవగాకు."

నేను సరే అనలేదు. బండి తీస్తున్నాడు — పోతున్నా.