గడ్డి మైదానంలో అక్కచెల్లెళ్లు

5 జూలై 1999, సోమవారం
కోర్టులో టైపు మిషన్ పక్కన కూడా అదే పుస్తకం. లైబ్రరీలో దొరికిన ఇంగ్లీషు నవల. నూరేళ్ల కిందటి అమెరికా. కనుచూపు మేర గడ్డి, మధ్యలో చిన్న ఊరు. అందులో బట్టలు కుట్టి బతికే అక్కచెల్లెళ్లు ఎడిత్, నోరా. సగం మాటలకు డిక్షనరీ కావాల. అయినా వదలబుద్ధి కాలేదు. స్టెనో జయరామ్, ఏముందమ్మా అందులో అంత అని అడిగినాడు. గడ్డి అన్నాను.

7 జూలై
నోరాకొచ్చిన జాబును ఎడిత్ దాచేసింది. నోరాకు తెలిసిపోయింది. చలికాలమంతా ఒకే గదిలో, ఒకే పొయ్యి దగ్గర, ఇద్దరికీ మాటల్లేవు. నలభై పేజీలు అదే. ఊపిరాడలేదు నాకు. బాగుండాది కూడా.

8 జూలై
అక్కకూ నాకూ అయితే ఆరేళ్లు.

9 జూలై, సాయంత్రం 6
జయరామ్ అత్తగారిది కూడా అక్క వాళ్లుండే గూడూరే. మా అక్క జ్ఞానాంబకు సోమవారం గర్భసంచి ఆపరేషనని విన్నాడంట. మీకు తెలిసే ఉంటుంది గదా అన్నాడు. తెలుసన్నాను. తెలీదు.

ఆరేళ్ల కిందట అక్క తన మరిదిని చేసుకోమనింది. ముహూర్తం పెట్టుకున్నాక నేను వద్దన్నాను. అత్తింట్లో నాకు తలెత్తే దారి లేకుండా చేసినావు, ఇంక నా ఇంటికి రావద్దు అనింది. పోలేదు. వద్దనడం తప్పు కాదు. ముందే అనకపోవడం తప్పు. ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

10 జూలై, శనివారం
కూర్చోలేను, నిలబడలేను. ఒకే పేజీ మూడుసార్లు చదివినాను. మంచు తుఫానులో గొడ్లకు మేత వేయను పోయిన ఎడిత్ తిరిగి రాలేదు. నోరా వాకిట్లో నిలబడుకోనుండాది. పిలవాలంటే గొంతు పెగలడం లేదు, అన్ని నెలలు పిలవక. పిలువు, పిలువు అని పైకే అనేసినాను. పక్కింటి సిద్ధమ్మ వచ్చి, ఎవర్ని పిలస్తా ఉండావు ప్రసన్నా అనింది.

పేజీ తిప్పలేదు. బ్యాగులో రెండు చీరలు పెట్టుకున్నాను.

11 జూలై, ఆదివారం
తిరుపతిలో బస్సు మారి గూడూరు చేరేసరికి పదకొండు. అక్కే తలుపు తీసింది. చిక్కిపోయింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. ముందే చెప్పుండాల్సింది అక్కా, తప్పు నాదే అన్నాను. నీకిష్టం లేదని నాకు తెలుసు, తెలిసే ముహూర్తం పెట్టించినాను అనింది అక్క. అన్నం తిన్నావా అని అడిగింది.

12 జూలై, ఆస్పత్రి
ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. లోపలికి పోయేముందు అక్క విప్పిచ్చిన గాజులు నా చేతికుండాయి. కళ్లు తెరస్తానే అవి అడిగింది. ఇంకా ఇయ్యలేదు.