పూస్తేగాని తెలియదు

జూన్ 3
డాబా మీద పాత టబ్బులో విత్తనాలు చల్లాను. కింద ఇంటి టైలరమ్మ కాగితంలో చుట్టి ఇచ్చింది. గైలార్డియా అట, నాకు నోరు తిరగదు. ఎర్ర రేకులు, అంచుకి పసుపు. నీళ్ల ట్యాంకర్ వారానికి రెండుసార్లే వస్తోంది కదా, ఇది నీళ్లు అడగదట. మట్టి కప్పొద్దంది, వెలుతురు తగలకపోతే మొలవదట. మా మనవరాలు గువ్వ ఒక్కో గింజనీ వేలితో అద్దింది. గాలికి ఎగిరిపోతాయేమోనని నా భయం.

జూన్ 15
మొలిచాయి. పన్నెండు.

జూన్ 27
గువ్వకి ఆయాసం. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. మాస్క్ కింద దాని మొహం ఎంత చిన్నబోయిందో. దుమ్ము, పుప్పొడి తగలనివ్వొద్దన్నాడు డాక్టరు. ఇంట్లో మొక్కలేమీ లేవు కదమ్మా అని అబ్బాయి నన్నే అడిగాడు. లేవన్నాను. డాబా ఇంట్లోది కాదు కదా.

జూలై 24
వాటర్ ట్యాంక్ కడగడానికి వచ్చినవాడు టబ్బు చూశాడు. ఏంటి పెద్దమ్మా, వయ్యారిభామ కలుపుని ముద్దుగా పెంచుకుంటున్నావు అన్నాడు. ముట్టుకుంటే దురద, పీలిస్తే ఆయాసం, మా బావ నెల రోజులు మంచాన పడ్డాడు అని కూడా చెప్పి చక్కా దిగిపోయాడు.
గువ్వ రోజూ ఆ ఆకులు నిమురుతుంది.

సాయంత్రం ఐదు
కొంగులో ఆకు దాచుకుని టైలరమ్మ దగ్గరికి వెళ్లాను. కళ్లజోడు పైకీ కిందకీ జరిపి, లేతప్పుడు రెండూ ఒకేలా ఉంటాయి వదినా, గాలికి ఏ విత్తనం వచ్చి పడిందో నాకేం తెలుసు అంది. పూస్తే తెలుస్తుందిలే, ఎర్రగా పూస్తే నాది, తెల్లగా పూస్తే దానిది అని నవ్వింది.
పూస్తేనే కదా పుప్పొడి.

జూలై 25
ఆకు నలిపి నా ఎడమ చేతికి రుద్దుకున్నాను. దురద పుడితే వయ్యారిభామే.

జూలై 26
ఏమీ లేదు. చూసుకున్నప్పుడల్లా దురదగానే ఉంటోంది, చూడకపోతే లేదు.

జూలై 27
ఎర్రగా దద్దు తేలింది. కోడలు చూసి, ఏం కుట్టింది అత్తయ్యా అని పక్కన కూర్చుని ఆయింట్‌మెంట్ రాసింది. దోమ అన్నాను.

జూలై 28
చేతికి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని అన్నీ పీకేశాను. పదకొండే ఉన్నాయి. మూడుసార్లు లెక్కపెట్టాను. మూట కట్టి చెత్తబండిలో వేశాను. పన్నెండోది ఏమైనట్టు?
గువ్వ అడిగితే నీళ్లు లేక ఎండిపోయాయన్నాను. నీళ్లు లేకపోయినా బతుకుతాయన్నావు కదా నానమ్మా అంది.

ఆగస్టు 2
టైలరమ్మ జాకెట్టు ఇవ్వడానికి వచ్చి నా చెయ్యి చూసింది. అయ్యో వదినా, నేనిచ్చిన పువ్వు మొక్క ఆకు కూడా కొందరికి పడదు, నాకూ దద్దుర్లే, గుడ్డ చుట్టుకుని కోస్తాను అంది. ఈ ముక్క ముందే చెప్పొచ్చు కదా తల్లీ అంటే, నువ్వు అడిగావా అంది.
అయితే నేను పీకింది ఏది?

ఆగస్టు 9, మధ్యాహ్నం
దొరికింది. గువ్వ మంచం పక్క కిటికీలో, కర్టెన్ వెనక, పెన్సిళ్ల డబ్బాలో. దాని దిండుకి జానెడు దూరం. మినపగింజంత మొగ్గ కూడా వేసింది. ఎప్పటినుంచే అంటే, చాలా రోజులనుంచి అంది. నువ్వు నాన్నకి చెప్పకు, నీ టబ్బు సంగతి నేనూ చెప్పను అని నాతో బేరం పెట్టింది. ఏడేళ్ల పిల్ల. నా దగ్గరే నేర్చింది.
పీకుదామని చెయ్యి వేశాను. పీకేస్తే ఎప్పటికీ తెలియదు. ఇన్నాళ్లూ పిల్ల ఏం పీల్చిందో డాక్టరుకి ఏమని చెప్పాలి?

సాయంత్రం
కోడలికి చెప్పేశాను. టబ్బు, దోమ, అన్నీ. తిట్టినా బాగుండేది. డబ్బా తీసి కిటికీ బయట గట్టు మీద పెట్టింది. అద్దం మూసి గడియ వేసింది. గువ్వ మందు పీల్చే పంపు తెచ్చి నా చేతిలో పెట్టి వెళ్లింది.

ఆగస్టు 11, ఉదయం ఆరు
అద్దానికి ఇటు పిల్ల, అటు మొగ్గ. పిల్ల ఒకసారి దగ్గింది. ఒక్కసారే. మొగ్గ ఇంకా నోరు విప్పలేదు.