ఐదు గంటల పంచాయితీ

బర్గండీ, ఫ్రాన్స్
డిసెంబర్ 21

మహిత పెద్దనాన్నగారికి,

మీ ఇల్లాలు విమల దండం పెట్టి రాసేది. క్షేమంగా చేరాను. ఫోన్‌లో చెబితే మీకు సగం వినపడదు, వినపడ్డ సగం వేరేగా పట్టుకుంటారు. అందుకే కాగితం మీద రాసి ఫొటో తీసి పంపుతున్నాను. మీరూ అలాగే పంపండి.

మోకాలి ఆపరేషన్ అయి మా చెల్లె శోభారాణి కూతురి దగ్గరికి రాలేకపోయింది కాబట్టి, క్రిస్మస్‌కు పిల్ల తరఫున పెద్దదిక్కుగా నన్ను ఇక్కడ బాగానే చూస్తున్నారు. మహిత అత్తగారి ఊరు చుట్టూ ద్రాక్ష తోటలే. అయితే ఒక్క ఆకు లేదు. ఎటు చూసినా నల్లటి మొద్దులు.

నిన్న మధ్యాహ్నం ఒంటిగంటకు బల్ల చుట్టూ పదమూడు మందిమి కూర్చున్నాం. లేచేసరికి ఆరు. ఆ చివర అల్లుడు జూలియన్ తాత ఆంద్రే, ఈ చివర ఆయన తమ్ముడు మార్సెల్. మాట ఒక్కటి అర్థం కాలేదు. మహిత పేరు మాత్రం పదిసార్లు వినపడింది.

చలికి వణుకుతూ,
విమల

తా.క. ఇక్కడి జున్ను వాసనకు, ఎవరో బూట్లు విప్పారనుకుని బల్ల కిందికి వంగి చూశాను. అందరూ వంగి చూశారు.

---

కొత్తవాడ, వరంగల్
డిసెంబర్ 22

విమలకు,

నీ ఉత్తరం చదివి మగ్గం ఆపాను. ఐదు గంటలు కూర్చున్నారంటే అది భోజనం కాదు. మన వాడలో పంచాయితీలు తెంపే రాజేశ్వర్ రావు సారుకు చూపించాను. ఆయన రెండుసార్లు చదివి, "తినేటందుకు ఐదు గంటలు ఎవలన్న కూసుంటరా తమ్మీ? పంచాయితి తెంపుతాండ్లు" అన్నాడు.

నాకు అర్థమైంది ఇది. తోట ఎండిపోయి మొద్దులు మిగిలాయి. కోడలు కాలు పెట్టాకే ఇట్లా అయిందని పిల్ల మీద నెడుతున్నారు. లేకపోతే పదిసార్లు పేరెందుకు తీస్తారు? ఏ కాగితం మీదా వేలిముద్ర వేయకు, సంతకం పెట్టకు. ముసలాయన తమ్ముణ్ని కనిపెట్టుకుని ఉండు.

జాగ్రత్త చెబుతూ,
కుమారస్వామి

తా.క. చేతికి గ్లాసు ఇచ్చారంటే తరువాత కాగితం ఇస్తారని సారు మాట. తాగకు. మరీ తప్పదంటే ఒక్క గుక్క తాగి, రుచి ఎట్లుందో రాయి.

---

బర్గండీ
డిసెంబర్ 23

మహిత పెద్దనాన్నగారికి,

మీ ఉత్తరం చదివి నవ్వుదామనుకున్నాను, నవ్వు రాలేదు. నిన్నంతా కనిపెట్టి చూశాను. అన్నదమ్ములిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడరు. ఆంద్రే గారు "మహితా" అని పిలిచి ఏదో అంటాడు. మహిత తలవంచుకుని మార్సెల్ గారికి చెబుతుంది. ఆయన ముఖం ముడుచుకుని, "మహితా" అని ఇంకేదో అంటాడు. మధ్యలో పిల్ల నలుగుతోంది.

ఏమైందని అడిగాను. "అది నీకెందుకు పెద్దమ్మా, జర తిను ముందు" అంది.

పొద్దున ఆంద్రే గారు నన్ను చేయి పట్టుకుని నేలమాళిగలోకి తీసుకుపోయారు. అంతా ద్రాక్షసారా పీపాలు. చేతికి గ్లాసిచ్చి నా ముఖంలోకి చూస్తూ నిలబడ్డారు. ఇంతవరకైతే కాగితం ఇవ్వలేదు.

దిగులుతో,
విమల

తా.క. ఒక్క గుక్కే తాగాను. నేరేడు పండు తిన్నాక నాలుక పట్టేసినట్టు ఉంటుంది. తెలుపుది వేరే రుచి. ఇంకో పీపాలోది ఇంకో రుచి.

---

కొత్తవాడ
డిసెంబర్ 24

పెద్దలు ఆంద్రే గారికి, మార్సెల్ గారికి,

మహిత పెద్దనాన్న కుమారస్వామి చేతులు జోడించి రాసేది. ఇది మహితే చదివి మీ భాషలో చెబుతుంది.

మా పిల్ల గురించి మీరిద్దరూ మాటలు మానేశారని తెలిసి బాధపడ్డాను. ఆ పిల్లకు మాట తొందర, చేతికి ఉప్పు ఎక్కువ. అంతకు మించి చెడ్డతనం లేదు. తప్పుంటే నన్ను తిట్టండి. మీరు మాత్రం విడిపోకండి.

నేను జంపఖానాలు నేస్తాను. పోగు తెగితే మొత్తం బట్టను కోసి పారెయ్యం, ముడి వేస్తాం. ముడి చేతికి తగులుతుంది, నిజమే. కానీ బట్ట నిలుస్తుంది. ఒక్క కడుపున పుట్టినవాళ్లలో ముందు మాట్లాడినవాడు చిన్నవాడైపోడు. ఇంకా ఎన్ని పండుగలు ఒక బల్ల మీద తింటామో ఎవరికి తెలుసు?

మీ మేలు కోరే,
కుమారస్వామి

తా.క. తోట పోయినందుకు విచారిస్తున్నాను. నర్సంపేటలో మా బావమరిది ఎల్లస్వామికి పత్తి పోతే మక్కలు వేసి బయటపడ్డాడు. మీరు సరేనంటే విత్తనాలు పంపుతాను.

---

బర్గండీ
డిసెంబర్ 26

మహిత పెద్దనాన్నగారికి,

నిన్న పండుగ భోజనంలో మహిత మీ ఉత్తరం చదివింది. మొదట తనకే నవ్వాగలేదు. ఎందుకంటే అది పంచాయితీ కాదు, భోజనమే. వీళ్లు అంతసేపు తింటారు. తోటా పోలేదు, చలికాలంలో ఆకు రాలాక కొమ్మలు కత్తిరిస్తారట. అన్నదమ్ముల గొడవ కూడా మహిత గురించి కాదు. రెండు తోటల మధ్య రాతిగోడ కూలితే ఎవరు కట్టాలని. పద్నాలుగేళ్లయింది. ఈమె కోడలై వచ్చాక ఒకరి మాట ఒకరికి చేరవేసే పని ఈమెకు పడింది.

అయితే ముడి మాట దగ్గరికి వచ్చేసరికి మహిత గొంతు మారింది. అందరూ చెంచాలు కింద పెట్టారు. తరువాత ఉత్తరంలో మక్కల విత్తనాల మాట వచ్చింది. మార్సెల్ గారు నవ్వి నవ్వి పొలమారిపోయారు. ఆంద్రే గారు మహితను పిలవలేదు. తానే లేచి, నీళ్ల గ్లాసు తీసుకుపోయి తమ్ముడి నోటికి అందించి ఏదో అన్నారు. "మెల్లగా తాగు అన్నడు పెద్దమ్మా" అని మహిత నా చెవిలో చెప్పి ఏడ్చింది. ఇద్దరూ కోట్లు వేసుకుని గోడ చూడ్డానికి పోయారు.

వచ్చాక ఆంద్రే గారు, ఇంత మంచి మాట రాసినాయనకు అన్నదమ్ములు ఎందరు అని అడిగారు. మహిత అబద్ధం చెప్పలేకపోయింది. తొర్రూరులో ఒక్క అన్న, తొమ్మిదేళ్లుగా మాటల్లేవు అని చెప్పేసింది. అందరూ నన్ను చూశారు.

మీ జవాబుకు చూస్తూ,
విమల

తా.క. విత్తనాలు వద్దన్నారు. మీ ఉత్తరాన్ని మాత్రం అద్దం కట్టించి నేలమాళిగలో పెడతారట. మీరిచ్చిన సలహాను రోజూ చూసేవాళ్లు ఫ్రాన్స్‌లో దొరికారు.

---

తొర్రూరు
డిసెంబర్ 29

విమలకు,

పైన ఊరు పేరు తప్పు రాయలేదు. నిన్న పొద్దటి బస్సుకు వచ్చాను.

అన్న రాజమౌళి తలుపు తీసి, "ఎవలు సచ్చిండ్లు?" అన్నాడు.

"ఎవలు సావలే. చాయ్ తాగుదామని అచ్చిన."

ఆయన లోపలికి తిరిగి, వదినను పిలిచి, "మల్లక్కా, ఇంకో చాయ్. చక్కెర ఎయ్యకు, మా ఖాందాన్‌ల అందరికి షుగరే" అన్నాడు.

తాగినంతసేపు ఇద్దరం గ్లాసుల్లోకే చూశాం. ఆఖరికి ఆయనే అడిగాడు. "గంత కోపం దేనికిరా నీకు?"

నీకు తెలిసిందే కదా, వాళ్ల కొడుకు జీవన్ పెళ్లిలో ఇంటోళ్లందరూ ఫొటో దిగుతూ నన్ను పిలవలేదు. అదే చెప్పాను. చెబుతుంటే నాకే అది చిన్న మాటగా తోచింది. అన్న లేచిపోయి ఆల్బం తెచ్చి ఆ పేజీ తెరిచి నా ముందు పెట్టాడు. తొమ్మిదేళ్లలో ఆ ఫొటో నేను చూడలేదు. అందరూ ఉన్నారు. పెళ్లికొడుకు తండ్రి లేడు.

"నేను సుత లేను తమ్మీ. నువ్వు కనవడ్తలేవని దేవులాడుకుంట బయటికి పోయిన. అచ్చేసరికి ఫొటో అయిపోయింది. నువ్వు బస్సెక్కినవన్నరు."

ఆయన ఆల్బం మూసి, ఈ పూట చేపలు తెస్తానని సంచి పట్టుకున్నాడు. నేనూ వెంట పోయాను.

నువ్వు వచ్చేదాకా ఇక్కడే ఉంటాను. ఆ ఇద్దరు పెద్దమనుషులకు నా దండాలు చెప్పు.

ఇట్లు,
రాజమౌళి తమ్ముడు కుమారస్వామి

తా.క. సాయంత్రం ఇద్దరం కలిసి ఫొటో దిగాం. వదిన తీసింది. మా ఇద్దరి తలలూ రాలేదు. ఇంకోటి దిగుదామంటే అన్న, "చాలు తియ్. మెడ దాక కలిసినం" అన్నాడు.