చెలమపల్లి బావిలో నీళ్ళున్నాయట!

చెలమపల్లి,
ఆగస్టు 4.

భూగర్భ జలాల లెక్క చూసే ప్రసన్నకుమార్ గారికి, రిటైర్డ్ టీచర్ రెబెకమ్మ నమస్కారాలు.

మా ఊరికి ఉదయగిరి నుంచి వచ్చే నీళ్ళ ట్యాంకరు ఆగి పన్నెండు రోజులైంది. అడిగితే, “ఆత్మకూరు ఆఫీసోళ్ళు మీ ఊళ్ళో నీళ్ళుండాయని రాసినారు” అన్నారు. ఎక్కడున్నాయో కాస్త చెప్పండి, బిందెలు తీసుకుని వెళతాం.

ఇట్లు,
రెబెకమ్మ

తా.క.: “తూరుపు పక్కనా, పడమటి పక్కనా? పార తీసుకొని రెడీగా ఉండాను” అని మా పక్కింటి వెంగయ్య అడగమన్నాడు.


ఆత్మకూరు,
ఆగస్టు 13.

గౌరవనీయులైన టీచర్ గారికి,

కాలువల్లో, కుంటల్లో నీరు ఇంకి భూమిలోకి ఎంత చేరుతుందో కంప్యూటర్‌లో లెక్కకట్టే మోడల్ మాది. సోమశిల నీరు తెచ్చే కాలువ మీ ఊరి పక్కనే పోతోంది. పోయిన ఏడు తవ్విన కుంటలో నీటి మట్టం పది రోజుల్లో పడిపోయింది. అదంతా ఇంకినట్టే. కాబట్టి మీ బావిలో ఆరు మీటర్ల లోతున నీరు ఉండాలి.

భవదీయుడు,
ప్రసన్నకుమార్, అసిస్టెంట్ ఇంజనీర్

తా.క.: బావి తాడు పొడవు ఒకసారి సరిచూసుకోగలరు.


చెలమపల్లి,
ఆగస్టు 21.

ప్రసన్నకుమార్ గారికి,

ఇరవై గజాల తాడు వేశాం. బొక్కెన నిండా బురద వచ్చింది. కాలువ తవ్విన మాట నిజమే, అందులో ఇంతవరకు బల్లులే పారాయి. కుంట అడుగున నీరు ఇంకకుండా ప్లాస్టిక్ పట్ట పరిచింది మీ సర్కారువాళ్ళే. మరి ఆ నీరు ఏమైందంటారా? నిమ్మచెట్లను బతికించుకోవడానికి వెంగయ్యా, మరో ఎనిమిది మందీ తమ బోర్లు చాలక కుంటకు ఇంజన్లు పెట్టి తోడుకున్నారు. భూమి తాగలేదు, చెట్లు తాగాయి.

నిన్న వెంగయ్య భార్య కామమ్మ రెండు మైళ్ళ అవతలి నుంచి నీళ్ళు తెస్తూ గట్టు మీద జారిపడింది. తుంటి విరిగింది. ఉదయగిరి ఆసుపత్రిలో ఉంది.

ఇట్లు,
రెబెకమ్మ

తా.క.: “ఆ మోడల్లో అన్ని నీళ్ళుంటే, దాన్నే ట్యాంకరుకెత్తి పంపమను” అంటున్నాడు వెంగయ్య.


ఆత్మకూరు,
సెప్టెంబరు 6.

గౌరవనీయులైన టీచర్ గారికి,

కామమ్మ గారి సంగతి తెలిసి బాధపడ్డాను. మీరు పంపిన సమాచారాన్ని పైవారికి పెట్టాను. ప్లాస్టిక్ పట్టకు మా ఫారంలో గడి లేదు, ‘ఇతరములు’లో వేశాం. తొమ్మిది మంది తోడుకున్నారంటే ఊళ్ళో నీరు ఉన్నట్టే కదా అన్నారు మా పెద్దసారు. అందువల్ల మీ ఊరిని ‘సురక్షితం’ నుంచి ‘సమృద్ధి’కి పెంచడమైనది.

భవదీయుడు,
ప్రసన్నకుమార్

తా.క.: అభినందన పత్రం జతచేశాను. ఇది నా ఆలోచన కాదు.


చెలమపల్లి,
సెప్టెంబరు 15.

ప్రసన్నకుమార్ గారికి,

పత్రం అందింది. ఒక వైపు ఖాళీగా ఉంది, ఆ వైపే ఈ ఉత్తరం రాస్తున్నాను. నీళ్ళు లేక ఎండిపోయిన తన నలభై నిమ్మచెట్లూ వెంగయ్య కొట్టేశాడు. ఒక్కో చెట్టుకూ గొడ్డలి ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తాడు. నేను చూడలేక లోపలికి వచ్చేశాను.

ఇట్లు,
రెబెకమ్మ


ఆత్మకూరు,
డిసెంబరు 18.

గౌరవనీయులైన టీచర్ గారికి,

మూడు నెలలుగా మీ ఉత్తరాలే కళ్ళముందు మెదులుతున్నాయి. ఎవరికీ చెప్పకుండా టేపు పట్టుకుని నిన్న మీ ఊరు వచ్చాను. బావిలో నీళ్ళున్నాయి! మేం చెప్పిన మట్టానికి జానెడు పైనే! బొక్కెనతో తోడి, దోసిట పట్టుకుని తాగాను కూడా. ఎంత తేలికపడ్డానో చెప్పలేను. మా పెద్దసారు జనవరిలో ఊరివాళ్ళతో బావి దగ్గర ఫొటో దిగాలంటున్నారు. మీ ఇంటికి వస్తే తాళం ఉంది. పక్కిళ్ళకూ తాళాలే. అందరూ పొలాలకు వెళ్ళినట్టున్నారు.

భవదీయుడు,
ప్రసన్నకుమార్

తా.క.: నీళ్ళు తియ్యగా ఉన్నాయి.


ఆత్మకూరు, బస్టాండు వెనక,
డిసెంబరు 24.

ప్రసన్నకుమార్ గారికి,

మీ ఉత్తరం ఊరికి పోయి, పోస్ట్‌మాన్ పుణ్యమా అని ఇక్కడికి చేరింది. మేం పొలాలకు వెళ్ళలేదు. అక్టోబరులో ఊరు ఖాళీ చేశాం. నేను మీ ఆఫీసుకు రెండు వీధుల అవతల అద్దెకు ఉంటున్నాను. వెంగయ్యలాగే మిగతావాళ్ళ తోటలూ పోయాయి గనుక తొమ్మిది బోర్లూ ఆగాయి, ఆ వెనకే వానలు పడ్డాయి. తోడే చెయ్యి లేకపోతే బావిలో నీళ్ళు పైకి రాక ఏం చేస్తాయి బాబూ? మీరు మంచివారు, తాగి చూశారు. మీ పెద్దసారు ఆ పని కూడా చెయ్యరు.

ఇట్లు,
రెబెకమ్మ

తా.క.: వెంగయ్య ఇప్పుడు ఇంటింటికీ మంచినీళ్ళ క్యాన్లు వేస్తున్నాడు. ఈ పొద్దున క్యాను దించుతుంటే మీ ఉత్తరం చదివి వినిపించాను. “నీళ్ళొచ్చినాయంట వెంగయ్యా, పోదామా?” అన్నాను. భుజం తుడుచుకుంటూ, “మనం పోతే మళ్ళా తోడుకుంటాం గదా టీచరమ్మా. పాపం, ఆ సారు లెక్క తప్పిపోతాది” అన్నాడు.